ఈ చట్టం చేసే అధికారం రాష్ట్రానికి ఉందా? కాగితం చూసి తేల్చుకునే పద్ధతి

మీ పే స్లిప్ ఒకసారి తీయండి. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో నెలకు ఇరవై వేలు దాటిన జీతమైతే కోతల వరసలో ‘పీటీ’ అని 200 రూపాయలు ఉంటుంది. వృత్తి పన్ను. జీతం పాతిక వేలైనా రెండున్నర లక్షలైనా అదే రెండొందలు. ఖజానాలో ఎప్పుడూ డబ్బు చాలని ప్రభుత్వాలు దీన్నొక్కదాన్నీ ఎందుకు పెంచవు? దయ తలచి మాత్రం కాదు. ఒక మనిషి దగ్గర ఏడాదికి 2500 రూపాయలకు మించి వృత్తి పన్ను తీసుకోకూడదని రాజ్యాంగం 276వ అధికరణ అంకె వేసి మరీ చెప్పింది. మొదట్లో ఆ అంకె 250. 1988లో 60వ సవరణతో 2500 అయింది. నెలకు 200 చొప్పున 2400 లాగేశారు, ఇంక వంద మిగిలింది. ఏ అసెంబ్లీ ఎంత మెజారిటీతో కూర్చున్నా దాన్ని మూడు వేలు చెయ్యలేదు.

రాష్ట్రానికున్న హద్దులన్నీ ఇంత తేటగా అంకెల్లో ఉండవు. అయినా వాటిలో చాలావాటిని లాయరు దగ్గరికి వెళ్ళకముందే పట్టుకోవచ్చు. నేను సచివాలయంలో న్యాయశాఖలో, బిల్లుల ముసాయిదాలు సరిచూసే సీట్లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలనీలో ఎవరికి ఏ జీవో తగిలినా, “సార్, ఇది చెల్లుతుందంటారా?” అని గేటు దగ్గరే ఆపుతారు. గ్రూప్-1కి చదువుతున్న మా మేనకోడలు ఫోన్ చేసిందంటే “మామయ్యా, ఇది రాష్ట్ర జాబితానా, ఉమ్మడి జాబితానా?” అనే మొదలుపెడుతుంది. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. చట్టం మంచిదా చెడ్డదా అన్నది ఆఖరి సంగతి. ఈ అధికారం ఎక్కడినుంచి తెచ్చుకున్నారన్నది ముందు చూడాలి.

అసలు కాగితం సంపాదించండి

పేపర్లో వచ్చిన వార్త పట్టుకునో, వాట్సాప్‌లో తిరిగే ఒక పేజీ ఫొటో పట్టుకునో మొదలుపెట్టకండి. చట్టమైతే గెజిట్ ప్రతి, ఉత్తర్వైతే జీవో పూర్తి పాఠం కావాలి. ప్రభుత్వాల జీవోల సైట్లలో దొరుకుతాయి. అయితే అన్ని వేళలా అన్నీ పెడతారన్న నమ్మకం లేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఆ సైట్లో జీవోలు పెట్టడమే ఆపేసింది, తర్వాత ప్రభుత్వం మారాక మళ్ళీ మొదలైంది. దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి.

గెజిట్లో చట్టం పేరు దగ్గర, సెక్షన్లు మొదలవకముందు ఒక వాక్యం ఉంటుంది. అందరూ దాటేసేది దాన్నే. “ఫలానా తేదీన గవర్నరు ఆమోదం పొందినది” అని ఉంటే మామూలు రాష్ట్ర చట్టం. “గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు నిలిపి ఉంచగా, ఫలానా తేదీన రాష్ట్రపతి ఆమోదం పొందినది” అని ఉంటే, దాదాపుగా అందులో కేంద్ర చట్టంతో ఢీకొనే మాట ఏదో ఉందన్నమాట. ఆ ఒక్క వాక్యం విలువ ఎంతో కిందకు వెళ్ళాక తెలుస్తుంది.

జీవోలో వెతకాల్సిన చోటు వేరు. పైన శాఖ పేరు, నంబరు, తేదీ. దాని కింద, ఈ ఉత్తర్వుకు ముందు నడిచిన లేఖలూ పాత జీవోల జాబితా. చివర్లో “బై ఆర్డర్ అండ్ ఇన్ ద నేమ్ ఆఫ్ ద గవర్నర్” అని, సంతకం. ఇవన్నీ 166వ అధికరణ కోరే లాంఛనాలు. ప్రాణం ఉండేది మధ్యలో: “ఫలానా చట్టం ఫలానా సెక్షన్ కింద దఖలుపడిన అధికారాలను వినియోగించి” అన్న ముక్క. అది ఉందా? ఉంటే ఆ చట్టం తెరిచి ఆ సెక్షన్ చదవండి. సెక్షన్ ఇచ్చినదానికంటే జీవో ఒక్క అడుగు ముందుకేసినా మీ కేసు అక్కడే ఉంది.

ఆ ముక్క ఎక్కడా లేకపోతే ప్రభుత్వం 162వ అధికరణ మీద నిలబడిందని అర్థం. అసెంబ్లీ ఏ విషయాల మీద చట్టం చెయ్యగలదో ఆ విషయాల మీద ప్రభుత్వం ఉత్తర్వులూ ఇవ్వగలదని దాని సారం. వినడానికి చాలా పెద్ద అధికారం. కానీ ఆ విషయం మీద అప్పటికే చట్టం ఉంటే, జీవో దానికి అడ్డం పోకూడదు. చట్టం లేకుండా పన్ను వెయ్యకూడదు, అది 265. చట్టం లేకుండా ఆస్తి లాక్కోకూడదు, అది 300-ఎ.

ఇక అసెంబ్లీ తీర్మానం. దీన్ని చూసి జనం ఎందుకంత సంబరపడతారో, ఎందుకంత భయపడతారో నాకర్థం కాదు. తీర్మానం చట్టం కాదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, శాసనమండలిని రద్దు చెయ్యాలని తీర్మానించింది. మండలి రద్దయిందా? లేదు. 169వ అధికరణ ప్రకారం ఆ రద్దు పార్లమెంటు చట్టంతో జరగాలి. పార్లమెంటు ముట్టుకోలేదు, 2021 నవంబరులో శాసనసభే తీర్మానం వెనక్కి తీసుకుంది. 1985లో ఎన్టీఆర్ హయాంలో మండలి నిజంగానే పోయిందంటే, తీర్మానం తర్వాత పార్లమెంటు చట్టం చేసింది కాబట్టి. 2014 జనవరి 30న విభజన బిల్లును ఇదే శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి. మూడో అధికరణ కింద రాష్ట్రపతి అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, అంతవరకే. దానికి కట్టుబడాలని లేదు.

ఆర్డినెన్స్ అయితే తేదీలు రాసిపెట్టుకోండి. సభ మళ్ళీ సమావేశమైన నాటినుంచి ఆరు వారాలు దాటితే దానికి ఆయువు తీరినట్టే. దాన్ని మళ్ళీ మళ్ళీ జారీ చేసుకుంటూ పోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు 1986లోనూ 2017లోనూ చెప్పింది. రెండూ బీహారు కేసులే.

జాబితాలు చదవడం

ఏ విషయం మీద కేంద్రం చట్టం చెయ్యాలో, ఏ విషయం మీద రాష్ట్రం చెయ్యాలో, ఏవాటి మీద ఇద్దరూ చెయ్యవచ్చో చెప్పేవి రాజ్యాంగం ఏడో షెడ్యూల్లోని మూడు జాబితాలు. కేంద్రానిది 97తో, రాష్ట్రానిది 66తో, ఉమ్మడిది 47తో ముగుస్తుంది. మధ్యలో కొన్ని తీసేశారు, కొన్ని ‘2-ఎ’ లాంటివి దూర్చారు, అందుకని అంశాల లెక్క సరిగ్గా అంతే అనుకోవద్దు. పాత గైడ్లు పక్కన పడేయండి. విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణులు, కోర్టుల ఏర్పాటు ఒకప్పుడు రాష్ట్ర జాబితాలో ఉండేవి. 1976లో 42వ సవరణతో ఉమ్మడికి వెళ్ళాయి. నీట్ నుంచి మినహాయింపు కావాలని తమిళనాడు చేసిన బిల్లు రాష్ట్రపతి దాకా వెళ్ళాల్సి వచ్చింది అందుకే. ఆమోదం దక్కలేదు.

ఎంట్రీ, అంటే జాబితాలోని ఒక్కో అంశం, చదివేటప్పుడు మొదట కళ్ళు పడాల్సింది “లోబడి” అన్న మాట మీద. గనులు రాష్ట్ర జాబితాలో 23వ అంశం, నిజమే. కానీ కేంద్ర జాబితాకు లోబడి. పరిశ్రమలు 24, అదీ లోబడే. రెండోది: పన్ను వేసే అధికారానికీ నియంత్రించే అధికారానికీ వేర్వేరు ఎంట్రీలు. ఒక విషయాన్ని నియంత్రించగలిగినంత మాత్రాన దాని మీద పన్ను వెయ్యలేరు. ఈ సూత్రం తేలింది మన కేసులోనే, 1958లో, సుందరరామయ్యర్ కంపెనీ కేసు. మద్రాసు నూలు వ్యాపారులు ఆంధ్రా వ్యాపారులకు నూలు అమ్మితే ఆంధ్ర ప్రభుత్వం అమ్మకం పన్ను అడిగింది, అక్కడ మొదలైన తగాదా అది. 2017 జూలై నుంచి జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను కింద రాష్ట్రాల చేతిలో మిగిలినవి పెట్రోలు, డీజిలు, ముడిచమురు, సహజవాయువు, విమాన ఇంధనం, తాగే మద్యం. పెట్రోలు ధర హైదరాబాదులో ఒకటి, బెంగళూరులో ఒకటి ఉండటానికి కారణం ఆ చిన్న జాబితానే.

జాబితాలో పేరు దొరికింది కదా అని అక్కడితో ఆగిపోకూడదు. చట్టం తలమీద పెట్టుకున్న పేరు వేరు, అది చేసే పని వేరు కావచ్చు. ఆ తేడా ఎలా పట్టుకోవాలో చెప్పడానికి రమ్మీకి మించిన ఉదాహరణ నాకు తెలీదు. అందులోనూ అది సికింద్రాబాదులో మొదలైంది.

రమ్మీని పట్టుకుని వెళ్దాం

1963 మే నెలలో సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. బల్ల చుట్టూ కూర్చుని డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద కేసు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు వదిలేసింది, రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ, 1967 నవంబరులో తీర్పు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమే అని కోర్టు అంది. మూడు ముక్కలాట అలా కాదు, అది వట్టి అదృష్టం. చాలామంది మర్చిపోయే మాట ఇంకొకటి ఆ తీర్పులోనే ఉంది: క్లబ్బు వాడు ఆట మీద లాభం దండుకుంటున్నాడని సాక్ష్యం ఉంటే నేరం కావచ్చు.

ఇప్పుడు దీన్ని జాబితా మీద పెట్టండి. రాష్ట్ర జాబితా 34వ అంశం: పందేలు, జూదం. రాష్ట్రం అధికారం అక్కడివరకే. రమ్మీ జూదమైతే రాష్ట్రం నిషేధించవచ్చు. కాకపోతే?

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూద చట్టాన్ని సవరించి, నైపుణ్యంతో ఆడే ఆటలకు 1974 చట్టంలో ఉన్న మినహాయింపును డబ్బు పెట్టి ఆడేవాటికి లేకుండా చేశాయి. ఇళ్ళు గుల్లయ్యాయి, ఆత్మహత్యలు జరిగాయి అన్నది వాళ్ళ కారణం, అది కాదనలేని కారణం. కానీ నేను మొదట చెప్పిన ప్రశ్న చూడండి: కారణం బలంగా ఉంటే అధికారం వస్తుందా? ఇలాంటి చట్టమే తమిళనాడు చేస్తే మద్రాసు హైకోర్టు 2021లో కొట్టేసింది. కర్ణాటక చేస్తే అక్కడి హైకోర్టు 2022లో, నిషేధించిన సెక్షన్లను కొట్టేసింది. జూదం అనే మాటకు అసెంబ్లీ తనకు కావలసిన అర్థం రాసుకుని ఎంట్రీని సాగదీయకూడదన్నది వాటి సారాంశం. తమిళనాడు మళ్ళీ ఇంకో చట్టం చేసింది. 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు ఈసారి చట్టాన్ని ఉంచింది, రమ్మీనీ పోకరునూ మాత్రం నిషేధం జాబితాలోంచి తీసేసింది. చట్టం మొత్తం పోనక్కర్లేదు, హద్దు దాటిన ముక్క ఒక్కటే తెగిపోవచ్చు. మీరు ఏ చట్టాన్ని చూసినా ఏ సెక్షన్ దాటిందో వేలు పెట్టి చూపించండి. మొత్తం చెల్లదనడం బద్ధకం.

ఈ రమ్మీలోనే భూభాగం ప్రశ్నా ఉంది. 245వ అధికరణ ప్రకారం రాష్ట్ర చట్టం రాష్ట్రం లోపలికే. సర్వర్ ఎక్కడో ఉంది, కంపెనీ ఇంకెక్కడో ఉంది, ఆడేవాడు గుంటూరులో ఉన్నాడు. ఏం చెయ్యాలి? దీనికి జవాబు ఇంటర్నెట్ పుట్టకముందే, 1957లో ఉంది. బెంగళూరులో అచ్చయ్యే ఒక పత్రిక గడినుడి పోటీలు పెట్టి బొంబాయిలో ఫీజులు వసూలు చేసేది. బొంబాయి రాష్ట్రం పన్ను వేస్తే, పత్రిక మా ఊళ్ళో ఉంది కదా అన్నారు. ఫారాలు ఇక్కడ పంచారు, డబ్బు ఇక్కడ తీసుకున్నారు, ఆ సంబంధం చాలని సుప్రీంకోర్టు తేల్చింది. సంబంధం ఉత్తుత్తిది కాకుండా నిజంగా ఉంటే రాష్ట్రం చెయ్యి చాచవచ్చు.

2025 ఆగస్టులో పార్లమెంటే నైపుణ్యం, అదృష్టం తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. దాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళాయి. కేంద్రం కూడా తన ఎంట్రీ చూపించుకోవాల్సిందే.

కేంద్ర చట్టం ఎదురుపడితే

ఉమ్మడి జాబితాలో విషయమైతే 254వ అధికరణ తెరవండి. రెండు చట్టాలూ ఒకేసారి పాటించడం కుదరకపోతే కేంద్రానిది నిలుస్తుంది, రాష్ట్రానిది ఆ మేరకు పోతుంది. తప్పించుకునే దారి ఒక్కటే: బిల్లును రాష్ట్రపతికి పంపి ఆమోదం తెచ్చుకోవడం. అప్పుడు ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టమే నడుస్తుంది. గెజిట్లో ఆ వాక్యం చూడమన్నది ఇందుకే. అదైనా శాశ్వతం కాదు, పార్లమెంటు తర్వాత మరో చట్టం చేసి దాన్ని తుడిచెయ్యగలదు.

తెలంగాణ భూసేకరణ దీనికి దగ్గరి పాఠం. 2013 కేంద్ర చట్టం భూమి యజమానికే కాదు, ఆ భూమి మీద బతికే కూలీకీ పునరావాస హక్కు ఇచ్చింది. 2015 జూలైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 123 తెచ్చింది. రైతు ఇష్టపడి అమ్మితే ప్రభుత్వం కొంటుంది, చట్టం దాకా వెళ్ళక్కర్లేదు అని. అమ్మకం యజమానితో. మరి కూలీ? జహీరాబాదు వైపు కూలీలు హైకోర్టుకెళ్ళారు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి జీవోను కొట్టేశారు. అప్పీళ్ళూ మధ్యంతర ఉత్తర్వులూ నడుస్తుండగానే ప్రభుత్వం దారి మార్చింది. కేంద్ర చట్టానికి రాష్ట్ర సవరణ బిల్లు పెట్టింది, కేంద్రం కొర్రీలు వేస్తే 2017 ఏప్రిల్ 30న అసెంబ్లీని ప్రత్యేకంగా పిలిచి సరిదిద్దింది, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది. అది 2017లో 21వ నంబరు చట్టం. ఆ చట్టం రైతుకు మేలు చేసిందా అంటే నాకు అనుమానాలున్నాయి. కానీ అధికారం అన్న ప్రశ్న వరకు, జీవోతో వెళ్ళకూడని చోటికి సవరణతో ఎలా వెళ్ళాలో ఆ ఫైలు చూస్తే తెలుస్తుంది.

“కక్షతో చేశారు” అన్న వాదన గురించి

ఇది నా దగ్గరికి వచ్చేవాళ్ళందరి నోటా మొదటి మాట. జీవో విషయంలో పనికొస్తుంది, దురుద్దేశం రుజువు చెయ్యగలిగితే. చట్టం విషయంలో అక్కరకు రాదు. 1953 నాటి పర్లాకిమిడి రాజావారి కేసు గుర్తుపెట్టుకోండి. ఒరిస్సా ప్రభుత్వం ఎస్టేట్లు రద్దు చేస్తూ నికర ఆదాయాన్ని బట్టి పరిహారం లెక్కకట్టింది. అంతకుముందే వ్యవసాయ ఆదాయపు పన్ను పెంచింది. పన్ను పెరిగితే నికర ఆదాయం తగ్గుతుంది, పరిహారమూ తగ్గుతుంది. ఇది మారువేషం అని కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్ర జాబితాలో 46వ అంశం, రాష్ట్రానికి అధికారం ఉంది, ఉన్నప్పుడు మనసులో ఏముందన్నది మాకు పట్టదు అంది. మీ అర్జీలో అధికార పార్టీ గురించి రాసిన పేరాలన్నీ కొట్టేసి, ఆ చోటు ఎంట్రీల గురించి రాయడానికి వాడుకోండి.

జాబితా దాటినా మిగిలే కంచెలు

ఎంట్రీ ఉంది, కేంద్ర చట్టం అడ్డం లేదు. అయినా చట్టం పోవచ్చు. సమానత్వం, వాక్ స్వాతంత్ర్యం లాంటి ప్రాథమిక హక్కులు అందరికీ తెలిసినవే, వాటి మీద పుస్తకాలు బోలెడున్నాయి, నేను దాటేస్తాను. కేంద్రం ఆస్తి మీద రాష్ట్రం గానీ మున్సిపాలిటీ గానీ పన్ను వెయ్యకూడదు, 285. రైల్వే స్టేషన్‌కు ఆస్తి పన్ను నోటీసు వెళ్ళదు, సేవా ఛార్జీలు మాటాడుకోవాల్సిందే. పక్క రాష్ట్రం సరుకు మీద మన సరుకు కంటే ఎక్కువ పన్ను వెయ్యకూడదు, 304. పన్ను అయినంత మాత్రాన స్వేచ్ఛా వర్తకానికి అడ్డు కాదు, వివక్ష ఉంటేనే తప్పు అని 2016లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చింది.

మన దగ్గర అసలు మంట పుట్టేది ఉద్యోగాల దగ్గర. ప్రభుత్వోద్యోగానికి నివాసం షరతు పెట్టాలంటే 16(3) ప్రకారం పార్లమెంటే పెట్టాలి. 35వ అధికరణ ఆ పని రాష్ట్రాలు చెయ్యకూడదని విడిగా చెప్పింది. పార్లమెంటు కూడా రాష్ట్రం మొత్తానికి పెట్టగలదు గానీ ఒక ముక్కకు పెట్టలేదని 1969లో ఏవీఎస్ నరసింహారావు కేసులో తేలి, ఉద్యోగాల్లో తెలంగాణ వాళ్ళకున్న రక్షణలు ఒక్క దెబ్బతో పోయాయి. తర్వాత ఉద్యమాలు, ముల్కీ (స్థానికత) నిబంధనల మీద తీర్పు, ఆరు సూత్రాల పథకం. ఆఖరికి రాజ్యాంగాన్నే మార్చి, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే 371-డి అధికరణ పెట్టాల్సి వచ్చింది, దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు. తెలంగాణలో వాటి స్థానంలో 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లో ఏ నియామకం చూసినా ముందు అక్కడ అమల్లో ఉన్న ఆ ఉత్తర్వులతో పోల్చాలి. మిగతా దేశంలో ఎవరికీ ఈ తలనొప్పి ఈ రూపంలో లేదు.

ప్రైవేటు ఉద్యోగాల సంగతి వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. హర్యానా అదే బాటలో, ముప్పై వేల లోపు జీతాల ఉద్యోగాలకు చేసింది. 2023 నవంబరులో పంజాబ్–హర్యానా హైకోర్టు హర్యానా చట్టాన్ని కొట్టేసింది. అప్పీలు సుప్రీంకోర్టుకు చేరింది. ఇలాంటి చట్టం ఏ రాష్ట్రంలో వచ్చినా ఆ తీర్పు ముందు చదవండి.

ఏజెన్సీ (గిరిజన) ప్రాంతమైతే రాజ్యాంగం ఐదో షెడ్యూలు తోడవుతుంది. ఏ చట్టం అక్కడ వర్తించకూడదో, ఎలా మారి వర్తించాలో గవర్నరు చెప్పగలరు. రాష్ట్రానికి ఇంత వెసులుబాటు మరెక్కడా లేదు. దానికీ హద్దుంది. ఏజెన్సీ బళ్ళలో టీచరు పోస్టులన్నీ నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. గవర్నరు అధికారం ప్రాథమిక హక్కుల మీదికి ఎక్కదు, 371-డి ఉత్తర్వులకూ అడ్డం పోదు అంది. కొండల్లో బడికి వచ్చి పాఠం చెప్పేవాడు దొరక్క పుట్టిన జీవో అది; తీర్పు సరైనదే కావచ్చు, మనసు ఒప్పుకోదు. ఇదే ఐదో షెడ్యూలు రాష్ట్రం చేతులు కట్టేసిన సందర్భమూ ఉంది: 1997 సమతా తీర్పు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం, బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు. గిరిజన భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న నిబంధన ఏ ‘వ్యక్తి’కైనా వర్తిస్తుందని ఉంటే, ప్రభుత్వమూ ఆ వ్యక్తుల్లో ఒకటేనని కోర్టు చెప్పింది.

అన్ని తీర్పులూ రాష్ట్రాన్ని కుదించేవే అనుకోవద్దు. 2024 జూలైలో ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదేననీ, అక్టోబరులో పారిశ్రామిక ఆల్కహాలు కూడా రాష్ట్ర జాబితా 8వ అంశం కిందికి వస్తుందనీ తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనాలు 8–1 తేడాతో చెప్పాయి. అంతకుముందు అచ్చైన పుస్తకంలో ఈ రెండు విషయాల మీద ఏం రాసున్నా నమ్మకండి.

ఇక రాసుకోవడం, వెళ్ళడం

ఒక పేజీ చాలు. కాగితం ఏది, నంబరు, తేదీ. అధికారం ఎక్కడిదని అది చెప్పుకుంది. అసలు చేసే పని ఏమిటి, అది ఏ ఎంట్రీ కిందికి వస్తుంది. అదే విషయం మీద కేంద్ర చట్టం ఉందా, ఉంటే ఏ సెక్షన్ ఏ సెక్షన్‌తో కుదరదు. రాష్ట్రపతి ఆమోదం ఉందా. మీకు జరిగిన నష్టం ఏమిటి. లాయరు దగ్గరికి ఇది పట్టుకెళ్ళండి, మొదటి రోజే సగం పని అయిపోతుంది.

చట్టాన్ని కొట్టేసే అధికారం జిల్లా కోర్టుకు లేదు, అక్కడ ఆ ప్రశ్న వస్తే హైకోర్టుకు పంపాలి. మీ దారి 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్. కోర్టు చట్టం చెల్లుతుందనే అనుకుని మొదలుపెడుతుంది, చెల్లదని చూపించే బరువు మీది. తీర్పు వచ్చేదాకా చట్టాన్ని పాటించాల్సిందే. చెల్లదని మీకు మీరే తేల్చుకుని పన్ను కట్టడం మానేస్తే వడ్డీతో కట్టాల్సి రావచ్చు. చట్టం మీద స్టే రావడం అరుదు, జీవో మీద అంత అరుదు కాదు. 2025లో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం కోసం తెలంగాణ చేసిన బిల్లులు ఆమోదం దగ్గర ఆగిపోతే, ప్రభుత్వం సెప్టెంబరులో జీవో 9 ఇచ్చింది. రిజర్వేషన్లు మొత్తం కలిపి యాభై శాతం దాటడంతో అక్టోబరులోనే హైకోర్టు స్టే ఇచ్చింది.

ఆలస్యం మాత్రం చెయ్యకండి. పైన చెప్పిన ఏజెన్సీ టీచర్ల కేసులో జీవో చెల్లదని తేలేసరికి ఇరవై ఏళ్ళు. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను తీసెయ్యవద్దని, ఇకమీదట ఇలా చెయ్యకూడదన్న షరతు మీద కోర్టు ఆ నియామకాలను ఉంచింది, రెండు రాష్ట్రాలకూ కలిపి ఐదు లక్షల ఖర్చులు వేసింది. కేసు గెలిచినా మీకు పోస్టు రాకపోవచ్చు. నోటిఫికేషన్ వచ్చిన వారంలో రిట్ వెయ్యండి, మధ్యంతర ఉత్తర్వు విడిగా అడగండి, నియామకాలు తుది తీర్పుకు లోబడి ఉంటాయన్న ఒక్క వాక్యమైనా రాయించుకోండి.